అప్‌డేట్: మా చిట్టి కోలుకుంది

నా కథలో మా పిల్లి గురించి చదివినప్పట్నుంచి మూలాపేటలో మా ఇంటికి జనం దాన్ని చూడ్డానికి వస్తున్నారని, తలా ఒకటి పెడుతుంటే అది వాంతులు చేసుకుని నీరసించిపోయిందని, ఏం చేయాలని మొన్న అడిగాను కదా. వెంటనే డాక్టరుకు చూపించమన్నవాళ్లందరికీ దండాలు.

చూపించాను. రక్తపరీక్షలో రక్తహీనత తేలింది. కారణం చేపల పులుసు! ముక్క కడిగి పెట్టినా సరే, ఉల్లి, వెల్లుల్లి సారం అందులోకి దిగే ఉంటుంది. అది పిల్లుల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. పచ్చివైనా, ఉడికినవైనా, పొడైనా అంతే. పాలూ ఆపమన్నారు, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అరగవు.

తెల్లగా పాలిపోయిన చిగుళ్లకు ఇప్పుడు గులాబీ రంగు తిరిగింది. నేను రాసుకుంటుంటే మళ్లీ కాగితాల మీదకెక్కుతోంది, పెన్ను కదిలితే పంజా వేస్తోంది. ఆ గీతలు పడ్డ పేజీలన్నీ దాచుకుంటున్నాను.

జనాన్ని రావద్దనలేదు, వాళ్లది అభిమానమే. ఎదురింటి పెద్దమ్మ మా గుమ్మంలో నిలబడి "చూడండి నాయనా, తిండి మాత్రం పెట్టబాకండి" అని చెబుతోంది. తేవాలనే ఉంటే ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముల్లు తీసిన చేప తెచ్చి నా చేతికివ్వమంటున్నాను.