బాతుగుడ్డా, కోడిగుడ్డా? గుడ్డుకు లెక్కా, గ్రాముకు లెక్కా?

కొత్తవంటగది:
ఇంట్లో ఇన్నాళ్లూ కోడిగుడ్లే తిన్నాం. తెలిసినవారు ఒకరు బాతుగుడ్లు తెచ్చి ఇచ్చారు, కోడిగుడ్డు కంటే ఇది ఎంతో బలం అన్నారు. నిజమేనా? రోజూ తినవచ్చా? ఇంకొక సందేహం కూడా. మా చిన్నవాడికి కోడిగుడ్డు పడదు, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. వాడికి ఇవి పెట్టవచ్చా?

నీటికోడి:
బలం అన్న మాటలో అతిశయోక్తి లేదండీ. బాతులు పెంచేవాణ్ణి కాబట్టి పక్షపాతం అనుకున్నా సరే, చెబుతాను. కోడిగుడ్డు సుమారు 50 గ్రాములు ఉంటే బాతుగుడ్డు 70 గ్రాములు. లోపల పచ్చసొన వాటా ఎక్కువ. ఇనుము ఎక్కువ. బి12 విటమిన్ సంగతి ఇక చెప్పనే అక్కరలేదు, పెద్దవారికి రోజుకు కావలసింది 2.4 మైక్రోగ్రాములైతే ఒక్క బాతుగుడ్డులోనే దాదాపు 3.8 దొరుకుతుంది. కోడిగుడ్డులో అర మైక్రోగ్రాము కూడా ఉండదు. పెంకు మందం కాబట్టి నిల్వ కూడా బాగా ఉంటుంది.

త్రాసు:
పెద్ద గుడ్డును చిన్న గుడ్డు పక్కన పెట్టి "చూశారా, ఎక్కువ ఉంది" అనడం పోలిక కాదు. 100 గ్రాములకు లెక్క కట్టండి. మాంసకృత్తులు కోడిగుడ్డులో 12.6 గ్రాములు, బాతుగుడ్డులో 12.8. ఈ తేడాకేనా ఇంత హడావిడి? కొవ్వు మాత్రం 9.5 గ్రాముల నుంచి దాదాపు 14కు పెరుగుతుంది. కొలెస్ట్రాల్ 370 మిల్లీగ్రాముల నుంచి 880కి. బలం ఎటు నుంచి వస్తున్నదో చూసుకోండి.

నీటికోడి:
త్రాసు గారూ, కంచంలో 100 గ్రాములు తూచి వేసుకుని తినేవారిని నేను చూడలేదు. మనిషి తినేది గుడ్డు. కాబట్టి లెక్క గుడ్డుకే.

త్రాసు:
అలాగే కానివ్వండి. గుడ్డుకు లెక్కైతే కోడిగుడ్డులో సుమారు 185 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్, బాతుగుడ్డులో 620. ఒకటికి మూడింతలు దాటింది. మీ కొలమానంతోనే కొలిచాను.

నిద్రమత్తు:
రెండూ తినకపోతే ఏ గొడవా లేదు.

నీటికోడి:
బి12 గ్రాముకు లెక్క కట్టినా ఆరింతలు ఉంటుంది, దాని గురించి మాత్రం కిమ్మనరు. కొలెస్ట్రాల్ అని భయపెట్టే రోజులు పోయాయి. ఒంట్లో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్లే, ముఖ్యంగా కాలేయం, తయారు చేసుకుంటుంది. రోజుకు 300 మిల్లీగ్రాములు మించవద్దన్న పాత హద్దును 2015-2020 నాటి అమెరికా ఆహార మార్గదర్శకాలలోనే తీసేశారు.

త్రాసు:
హద్దు తీసేసిన ఆ పత్రంలోనే, ఆహారంలో కొలెస్ట్రాల్ వీలైనంత తక్కువగా ఉండేలా చూసుకోమని కూడా ఉంది. మీకు నచ్చిన వాక్యం దగ్గర చదవడం ఆపేశారు. మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారికి "రోజూ తినండి" అని ఎలా చెబుతారు?

నీటికోడి:
రోజూ తినమని నేను ఎక్కడ రాశాను? పైకి వెళ్లి మళ్లీ చదవండి.

మూకుడు:
ఇద్దరూ అంకెలు నూరుతున్నారు గానీ ఆ గుడ్డు పగలగొట్టి చూసినట్టు లేరు. కోడిగుడ్డును కొట్టినట్టు గిన్నె అంచుకు మెల్లగా తాటిస్తే బాతుగుడ్డు చిట్లదు. గట్టిగా ఒక దెబ్బ వేయాలి, వేసినా లోపలి పొర తెగకుండా పెంకు ముక్కలను పట్టుకుని వేలాడుతుంది. అందుకే పెంకు పలుకులు గిన్నెలో పడతాయి, విడిగా చిన్న కప్పులో కొట్టుకోవడం మేలు. పచ్చసొన ముదురు రంగులో ఉబ్బి నిలబడుతుంది. తెల్లసొనతోనే జాగ్రత్త. మంట కాస్త ఎక్కువైతే రబ్బరులా సాగుతుంది, అందుకని అట్టు వేసేటప్పుడు సెగ తగ్గించాలి. కేకులకు మాత్రం దీనికి సాటి లేదు, బాగా పొంగుతుంది, లోపల మెత్తగా వస్తుంది. మూడు కోడిగుడ్లు వేయమని ఉన్నచోట రెండు బాతుగుడ్లు వేస్తే బరువు దాదాపు సరిపోతుంది. త్రాసు గారు సంతోషిస్తారు.

నిద్రమత్తు:
నీచు వాసన సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

నీటికోడి:
వాసన మేతను బట్టి ఉంటుంది. చేపపొడి ఎక్కువగా పెడితే గుడ్డుకూ ఆ వాసన పడుతుంది. గింజలు, ఆకు మేపితే పెద్దగా తేడా తెలియదు.

త్రాసు:
ఏం మేపారన్నది ఒక్కటే కాదు, గుడ్డు ఎక్కడ పెట్టిందన్నది కూడా చూడాలి. కోడి గూటిలోకి వెళ్లి పెడుతుంది. బాతు తెల్లవారకముందే తాను ఎక్కడుంటే అక్కడ, తడి మట్టిలో, రెట్టలో పెట్టేస్తుంది. 2010లో బ్రిటన్, ఐర్లాండ్‌లలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వల్ల విరేచనాల జబ్బు వ్యాపించినప్పుడు దర్యాప్తు బాతుగుడ్ల దగ్గరికే చేరింది. బ్రిటన్‌లో 2017 నుంచి సింహం ముద్ర (అక్కడి గుడ్ల భద్రతా గుర్తు) ఉన్న కోడిగుడ్లను గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు కూడా సగం ఉడికినవి తినవచ్చన్నారు. ఆ సడలింపు బాతుగుడ్లకు ఇవ్వలేదు.

నీటికోడి:
వచ్చిందండీ, రావలసిన మాట! మురికి బాతు, మురికి గుడ్డు. ఇదే మాట ఒక డాక్టరు తన దగ్గరికి వచ్చిన ప్రతివారికీ చెప్పడంతో నా దగ్గర ఏళ్ల తరబడి కొన్నవారు ఒక్కొక్కరే మానేశారు. ఆయన నా బాతులను చూడలేదు, నా పాకను చూడలేదు. రోజూ చీకటితోనే లేచి, పొడిగడ్డి మార్చి, గుడ్లు తడవకముందే ఏరుతాను. మాసినవాటిని చన్నీళ్లతో కడగను, ఎందుకంటే గుడ్డు వెచ్చగా ఉన్నప్పుడు చల్లని నీరు తగిలితే పెంకు రంధ్రాల గుండా మురికిని లోపలికి పీల్చుకుంటుంది. ఎక్కడో ఎవరో శుభ్రంగా పెంచకపోతే అందరినీ ఒకే గాటన కట్టడం ఏం న్యాయం?

త్రాసు:
మీ పాక శుభ్రంగానే ఉండవచ్చు. గుడ్డు పెట్టకముందే, తల్లి కడుపులోనే సూక్ష్మజీవి చేరే అవకాశం కూడా ఉందని మీకు తెలియదా? పొడిగడ్డి దానికేం చేస్తుంది?

నీటికోడి:
కోళ్లకు చేరదా? వాటికి మినహాయింపు ఎవరిచ్చారు? తెలిసీ తెలియని మాటలతో ఒకరి కూటిలో మట్టి కొట్టకండి.

చివరిబెంచి:
ఆవిడ పిల్లవాడి దద్దుర్ల గురించి అడిగి ఎంతసేపైంది?

మూకుడు:
నిజమే, నేనూ కేకుల్లో పడిపోయాను. అమ్మా, పెట్టవద్దు. రెండు గుడ్లలోని మాంసకృత్తులు చాలావరకు ఒకేలాంటివి, కోడిగుడ్డు పడనివారిలో చాలామందికి బాతుగుడ్డూ పడదు. కొందరికి పడుతుంది, కానీ మీవాడు ఎటువైపో ఇంట్లో తినిపించి తెలుసుకునే విషయం కాదు. ఈసారి దద్దుర్లతో ఆగకుండా ఊపిరి ఆడకపోవచ్చు. అలర్జీ డాక్టరు ఎదుట తేలాలి. అప్పటిదాకా కేకులో కలిపినది కూడా వద్దు.

త్రాసు:
నేను ముందే చెప్పవలసింది, అంకెల చాటున దాచాను. మా నాన్నగారు జబ్బుపడి లేచిన కొత్తలో, బాతులు పెంచే ఒకాయన "సగం ఉడికించి ఇవ్వండి, పూర్తిగా ఉడికితే బలం పోతుంది" అని గుడ్లు ఇచ్చాడు. నమ్మాం. జ్వరం, విరేచనాలు, మళ్లీ ఆసుపత్రి. తరువాత అడిగితే "మీ ఇంట్లో ఎలా వండుకున్నారో నాకేం తెలుసు" అన్నాడు. కొలెస్ట్రాల్ ఎంతున్నా నాకు ఒరిగేది లేదు నీటికోడి గారూ. కొనేవారికి "పూర్తిగా ఉడికించండి" అని మీరు చెబుతారా, లేదా?

నీటికోడి:
నాన్నగారికి అలా జరగడం బాధాకరం. అడిగినవారికి చెబుతాను.

త్రాసు:
అడగనివారికి?

నీటికోడి:
వంట తెలిసినవారికి నేను పాఠం చెప్పాలా? కత్తి అమ్మేవాడు వేలు తెగుతుందని ప్రతివారికీ చెబుతాడా? వండడం వండేవారి బాధ్యత.

త్రాసు:
కత్తికి పదును ఉందని చూస్తే తెలుస్తుంది. గుడ్డులో ఏముందో తెలియదు. మీకు తెలుసు, కొనేవారికి తెలియదు. తెలిసినవారే చెప్పాలి.

కొత్తవంటగది:
మూకుడు గారికి ధన్యవాదాలు, చిన్నవాడికి పెట్టను. అయితే ఈ గుడ్లు ఇచ్చినవారు అత్తయ్యగారికి వేడి పాలలో పచ్చిగా కొట్టి ఇమ్మన్నారు. ఇవ్వవచ్చా?

నీటికోడి:
అమ్మా, ఇవ్వకండి. పాలు ఎంత వేడిగా ఉన్నా గుడ్డు కలపగానే చల్లబడతాయి. లోపల 71 డిగ్రీలు దాటాలి. నీళ్లు మరిగాక 12 నిమిషాలకు తగ్గకుండా ఉంచండి. పచ్చసొన నడిమధ్య కూడా గట్టిపడాలి, కోసి చూశాకే పెద్దావిడకు పెట్టండి.

త్రాసు:
ఇదే, ఈ నాలుగు మాటలే గుడ్ల పెట్టె మీద రాసి ఇమ్మంటున్నాను.

నీటికోడి:
నా గుడ్లు పెట్టెలో వెళ్లవు. తట్టలో వెళతాయి.

త్రాసు:
తట్టలో ఒక చీటీ పడుతుంది.