నాటు మిరప గింజ దాచుకోవాలా, ఏటా నారు కొనుక్కోవాలా?

నాగావళి పెరడు, రాయగడ
మా అత్తగారు దాచిన గింజలతోనే ఇరవై ఏళ్లుగా మిరప వేస్తున్నాం. ఆకాశం వైపు నిలబడి కాసే చిన్న కాయ. పక్కింటి ఒడియా పిన్నిగారు దాన్ని ధాని లంక అంటారు. ఒక్కటి చిదిమితే గిన్నెడు చద్దన్నానికి సరిపోతుంది. ఈ ఏడు పన్నెండు మొక్కల్లో అయిదింటి కాయలు పొడుగ్గా సాగి కిందికి వేలాడుతున్నాయి, కారమూ అంతంత మాత్రమే. ముసలి విత్తనం, సత్తువ పోయింది, సంతలో నారు కొనుక్కోమని మావారు అంటున్నారు. నిజమేనా?

మేడమీది మడి, పర్లాకిమిడి
మీవారి మాటే వినండి. నేను మూడేళ్లు గింజ నుంచి పెంచాను. మొలక రావడానికి పది రోజులు, నాటే ఈడు రావడానికి మరో నెల. ఆ లోపల ముసురు పట్టిందంటే నారు కుళ్లు తెగులుతో మొదళ్లు మెత్తబడి ఒక్క రాత్రిలో పడిపోతాయి. ఇంతకీ నాటు ఏమిటండీ? మిరప పోర్చుగీసు వారి ఓడలెక్కి వచ్చింది. పుట్టిల్లు అమెరికా ఖండాలు, పేరేమో మన మిరియం దగ్గర అరువు!

రిటైరైన జీవశాస్త్రం మాస్టారు, గుణుపురం
ఓడ సంగతి నిజమే కానీ, అక్కయ్యగారి ప్రశ్నకు అది జవాబు కాదు. విత్తనానికి వయసు మీరితే మొలక తగ్గుతుంది గాని, నిలబడే కాయ వేలాడదు. ఇది సంకరం. మిరప పువ్వు తనంతట తానే కాయగలదు, కానీ తేనెటీగలు ఊరుకోవు. వేరే మొక్క పుప్పొడి పడినా ఆ ఏడు కాయ తల్లిలాగే ఉంటుంది. మార్పు గింజలో దాగి, మరుసటి ఏడు మొక్కలో బయటపడుతుంది. వేలాడే గుణానిది పైచేయి, నిలబడే గుణం లోపల అణిగి ఉంటుంది. అందుకే మొదటి తరం వేలాడింది. పోయిన ఏడు పక్కన మరో మిరప ఉందా?

విత్తన ధ్రువీకరణకు రెండు రకాల మధ్య కనీసం 200 మీటర్లు వదలమంటారు. పెరట్లో అది కుదిరే పని కాదు. మొగ్గ విచ్చకముందే కొమ్మకు పల్చటి గుడ్డ సంచి కట్టండి. పొద్దున్నే కొమ్మను మెల్లగా తట్టండి. పిందె పడ్డాక సంచి తీసి, గుర్తుగా ఎర్ర దారం కట్టండి. పండిన ఆ కాయల గింజలే దాచండి. ఇక సంకర జాతి నారు సంగతి: దాని గింజ వేస్తే రకరకాలుగా చీలిపోతుంది, కాబట్టి ఏటా కొనాల్సిందే.

మేడమీది మడి, పర్లాకిమిడి
మాస్టారూ, నాలుగు కాయల కోసం కొమ్మకో సంచా! మా కుండీల్లో నాటు మొక్క కూడా చప్పగానే కాసింది, దానికేమంటారు?

బరంపురం వంటిల్లు
రోజూ నీళ్లు పోస్తారు కదూ? కాయలు ముదిరేటప్పుడు కాస్త వాడనివ్వండి, ఘాటెక్కుతుంది. సంచి మంచిదే కానీ ఒక్క మొక్కనే నమ్ముకోకండి. ఆరేడింటి గింజ కలిపి దాచండి. ఒకటి ఆకు ముడతకు పోయినా రకం మిగులుతుంది.

నాగావళి పెరడు, రాయగడ
దొంగ దొరికాడు! పోయిన ఏడు మావారే సంత నుంచి రెండు బజ్జీ మిరప మొక్కలు తెచ్చి గోడ పక్కన నాటారు. ఇప్పుడు అడిగితే పేపరు చదువుకుంటున్నారు. చిరిగిన దోమతెరతో ఏడు సంచులు కుట్టాను, నిలబడి కాసినవి ఏడే కాబట్టి. మరి వేలాడేవాటిని పీకేయాలా?

రిటైరైన జీవశాస్త్రం మాస్టారు, గుణుపురం
పీకకండి, వండుకోండి. సరదా ఉంటే వాటిలో ఒకదానికీ సంచి కట్టి, ఆ గింజలు వేరే మడిలో చల్లండి. సుమారు నాలుగింట ఒక మొక్క మళ్లీ నిలబడి కాస్తుంది. అయితే నిలబడ్డదల్లా కారంగా ఉండదు, కొరికి చూడాల్సిందే.

నాగావళి పెరడు, రాయగడ
కొరికే పని మావారికి అప్పగించాను.