ఓడిన కాంట్రాక్టర్ కోర్టుకెళ్తే మా కాలువ పని ఆగాలా?

సింగ్‌నగర్ వాసి:
మా వైపు వాననీటి కాలువకి టెండర్ పిలిచారు, ఒకరికి ఖాయం చేశారు, అగ్రిమెంటు కూడా అయిపోయింది. టెక్నికల్‌లో, అంటే అర్హత కాగితాల పరిశీలనలో, కొట్టేసిన కాంట్రాక్టర్ ఒకాయన నేలపాడు వెళ్లి హైకోర్టులో రిట్ పిటిషన్ వేశాడు. అప్పట్నుంచీ ఇంజనీర్లు సైటు అప్పజెప్పడం లేదు. అడిగితే "కేసు తేలనివ్వండి" అంటున్నారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మా ఇంట్లో నీళ్లు మీటర్ బోర్డు దాకా వచ్చాయి. గోడ మీద ఆ మట్టి గీత రెండుసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతూనే ఉంది. ఒక్కడి పంతం కోసం ఇన్ని ఇళ్లు ఇంకో వర్షాకాలం భయపడుతూ కూర్చోవాలా?

గుంటూరు కాంట్రాక్టర్:
ఆయన ఓడలేదండీ. ఆయన ప్రైస్ బిడ్, అంటే ధర రాసిన కవరు, తెరవనే లేదు. రిట్ కాపీ మా వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది, మొత్తం చదివాను. ఆడిటర్ ఇచ్చిన టర్నోవర్ సర్టిఫికెట్ మీద యూడీఐఎన్, అంటే అది అసలు సర్టిఫికెట్టేనా అని సరిచూసుకునే నంబర్, లేదని తీసేశారు. గెలిచినాయన అనుభవం సర్టిఫికెట్ మీదేమో ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) సంతకం ఉంది, ఆయన పై అధికారి ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్) కౌంటర్ సంతకం లేదు. అది టెండర్ షరతే. అయినా ఆయనకి లెటర్ రాసి, వారం టైమిచ్చి తెప్పించుకున్నారు. ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అంటే ఇదే.

పటమట ఆడిటర్:
సీఏలు ఇచ్చే ప్రతి సర్టిఫికెట్‌కీ 2019 ఫిబ్రవరి 1 నుంచి యూడీఐఎన్ తప్పనిసరి. ఆ నంబర్ లేకపోతే ఆ కాగితం నిజంగా సీఏ ఇచ్చిందో కాదో ఆఫీసువాళ్లు ఎలా సరిచూస్తారు? కొట్టెయ్యడం సబబే.

గుంటూరు కాంట్రాక్టర్:
సంతకం పెట్టిన 60 రోజుల్లోపు ఆ నంబర్ తీసుకోవచ్చని మీ ఇన్‌స్టిట్యూటే చెప్పింది కదా. ఒక లెటర్ రాస్తే మర్నాడే ఇచ్చేవాడు.

పటమట ఆడిటర్:
నంబర్ తీసుకోవడానికి మా ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన గడువు అది. బిడ్ గడువు వేరు. రెండూ కలపకండి.

గుంటూరు కాంట్రాక్టర్:
కలపడం లేదు. ఎస్ఈ సంతకానికి ఇచ్చిన వారం దీనికెందుకు ఇవ్వలేదని అడుగుతున్నాను. జవాబు చెప్పండి.

పటమట ఆడిటర్:
ఎస్ఈ సంతకం సంగతి నాకు తెలీదు. యూడీఐఎన్ లేని సర్టిఫికెట్ చెల్లదు, అంతే.

తెనాలి రాజు:
పది పోస్టులు ఈ నంబర్ మీదే నడిచేలా ఉన్నాయి.

నేలపాడు లాయర్:
దీని మీద పాత తీర్పే ఉంది. 1991లో పొద్దార్ స్టీల్ కేసులో సుప్రీంకోర్టు టెండర్ షరతుల్ని రెండు రకాలుగా చూసింది: అర్హతకి సంబంధించిన ముఖ్యమైనవి, వాటికి తోడుగా పెట్టినవి. రెండో రకంలో ఆఫీసు కొంత పట్టువిడుపు చూపించొచ్చు. కానీ చూపిస్తే అందరికీ చూపించాలి. ఈ కేసుకి బలం అక్కడే.

స్టే సంగతి వేరు. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 41వ సెక్షన్‌ని సవరించారు. మౌలిక సదుపాయాల పనులు ఆలస్యమయ్యేలా ఇంజంక్షన్, అంటే పని ఆపే ఉత్తర్వు, ఇవ్వకూడదు. ఆ పనుల జాబితాలో వాననీటి డ్రెయినేజీ పేరు పెట్టి ఉంది. 2022లో ఎన్‌జీ ప్రాజెక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది: టెండర్ ఇవ్వడంలో దురుద్దేశం కనబడినా పని ఆపకండి, ఓడినవాణ్ని నష్టపరిహారం అడుక్కోమనండి అని.

గుంటూరు కాంట్రాక్టర్:
ఎంత నష్టపోయాడని లెక్క కడతారు సార్? కవరే తెరవలేదు. అందరికన్నా తక్కువ ధర వేసిన ఎల్-1 అయ్యేవాడో, నాలుగో స్థానంలో ఎల్-4 అయ్యేవాడో ఎవరికీ తెలీదు.

రిటైర్డ్ ఏఈ:
అసిస్టెంట్ ఇంజనీర్‌గా ముప్పై ఏళ్లు ఈ కాగితాల మధ్యే బతికాను. కేసు వేసినవాళ్లందరూ న్యాయం కోసం వెయ్యరు. కేసు వేసి, గెలిచినవాడి మనిషిని హోటల్‌కి పిలిపించుకుని, సొమ్ము ముట్టాక వెనక్కి తీసుకున్నవాళ్లని నా కళ్లతో చూశాను. ఆ సొమ్ము చివరికి సిమెంటులోంచి పోతుంది. మీ కాంట్రాక్టర్ల సంగతి మాకు తెలియదా?

గుంటూరు కాంట్రాక్టర్:
ఏం తెలుసయ్యా నీకు? మా నాన్న బిడ్ కొట్టేసినట్టు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది సాయంత్రం 5 గంటల 10 నిమిషాలకి. 5:40కి ప్రైస్ బిడ్లు తెరిచేశారు. ఆ అరగంటలో ఎవరి కాళ్లు పట్టుకోవాలి? బండేసుకుని వెళ్తే ఆఫీసు గేటుకి తాళం. పొద్దున్నే వెళ్తే "ఎల్-1 తేలిపోయాడు, ఇప్పుడేం చేస్తాం" అన్నారు. కారణం కాగితం మీద ఇవ్వమంటే పదకొండు రోజులు తిప్పారు. మా నాన్న కోర్టుకి వెళ్లలేదు. వెళ్తే వచ్చే టెండర్లో కూడా తీసేస్తారని భయపడ్డాడు. ఆ తర్వాత మళ్లీ బిడ్ వెయ్యలేదు, మిక్సర్ అమ్మేశాడు. నువ్వు చూసిన హోటల్ మనిషి మా నాన్న కాదు.

రిటైర్డ్ ఏఈ:
వయసుకి మర్యాద ఇచ్చి మాట్లాడు బాబూ. మీ నాన్నగారిని నేనేమీ అనలేదు.

గుంటూరు కాంట్రాక్టర్:
"మీ కాంట్రాక్టర్లు" అన్నారు. సరే, మిమ్మల్ని "నువ్వు" అనడం నా తప్పే, క్షమించండి. మిగతాదంతా అన్నట్టే.

సింగ్‌నగర్ వాసి:
మీ ఇద్దరి గొడవలో మా కాలువ మునిగిపోయింది. లాయర్ గారూ, సూటిగా చెప్పండి, కోర్టు స్టే ఇచ్చిందా?

నేలపాడు లాయర్:
లేదు. కాంట్రాక్టర్ గారు ఆర్డర్ కాపీ కూడా పంపారు, చూశాను. నోటీసులిచ్చి వాయిదా వేశారు, అంతే. పిటిషన్లో ఆయన పని ఆపమని అడగలేదు కూడా. తన బిడ్ మళ్లీ పరిశీలించమని అడిగాడు.

సింగ్‌నగర్ వాసి:
మరి పని ఆపిందెవరు?

రిటైర్డ్ ఏఈ:
చెప్తాను, కోపం తెచ్చుకోకండి. సైటు ఇచ్చి, కాంక్రీటు పోయించి, మొదటి బిల్లు ఎంబుక్‌లో (పని కొలతల పుస్తకంలో) ఎక్కించాక కోర్టు టెండర్ కొట్టేసిందనుకోండి. ఆడిట్‌లో తప్పుపడుతూ పేరా ఎవరి మీద రాస్తారు? సంతకం పెట్టిన ఏఈ మీద, ఆయన పై ఇంజనీరు డీఈ మీద. పైవాళ్లు "మేం ఆపమన్లేదు" అంటారు, "చెయ్యండి" అని కూడా రాసివ్వరు. నేను సర్వీసులో ఉంటే నేనూ సైటు ఇచ్చేవాణ్ని కాదు. నా పెన్షన్ నాకు ముఖ్యం.

సింగ్‌నగర్ వాసి:
అంటే కోర్టూ ఆపలేదు, కేసు వేసినాయనా ఆపలేదు. రెండు రోజులుగా నేను తిట్టింది ఎవర్ని?

గుంటూరు కాంట్రాక్టర్:
అన్నా, ఆయన తొందరగా కోర్టుకెళ్లిందీ అందుకే. లాయర్ గారికి తెలిసే ఉంటుంది, ఆలస్యమైతే గెలిచీ ఓడినట్టే.

నేలపాడు లాయర్:
నిజమే. 1979లో రమణ దయారాం శెట్టి కేసు, బొంబాయి విమానాశ్రయంలో ఫలహారశాల కాంట్రాక్టు. అర్హత లేనివాడికి ఇవ్వడం తప్పని సుప్రీంకోర్టు తేల్చింది. కానీ పిటిషనర్ ఐదు నెలలు దాటాక వచ్చాడు, గెలిచినవాళ్లు అప్పటికే లక్షా పాతిక వేల దాకా ఖర్చు పెట్టేశారు. ఇలాంటి కారణాలతో ఆ కాంట్రాక్టుని కదపలేదు.

సింగ్‌నగర్ వాసి:
సోమవారం ప్రజా ఫిర్యాదుల వేదిక పీజీఆర్‌ఎస్‌లో అర్జీ పెడతాను. స్టే లేదు కాబట్టి పని మొదలుపెట్టమని ఇంజనీర్లకి పైనుంచి రాతపూర్వకంగా ఇవ్వండి, లేదంటే ఇవ్వబోమని మాకు రాసివ్వండి అని అడుగుతాను. లాయర్ గారూ, ఆ ఆర్డర్ కాపీ నాకూ పంపండి.

గుంటూరు కాంట్రాక్టర్:
దాంట్లోనే ఇంకో మాట రాయన్నా. బిడ్ ఎందుకు తీసేశారో ముందు కాగితం మీద చెప్పి, రెండు పని దినాలు ఆగి ప్రైస్ బిడ్ తెరవమని. అభ్యంతరం అక్కడే తేలిపోతే ఎవరూ నేలపాడు దాకా వెళ్లరు.

రిటైర్డ్ ఏఈ:
రెండు రోజులిస్తే ఆ రెండు రోజుల్లోనే బేరాలు మొదలవుతాయి.

గుంటూరు కాంట్రాక్టర్:
అరగంటలో తెరిచినప్పుడు బేరాలు లేవా?

సింగ్‌నగర్ వాసి:
తమ్ముడూ, మీ నాన్నగారికి అన్యాయం జరిగింది, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట నా అర్జీలో కలిపితే నా కాగితం నీ ఫైల్లోకి వెళ్లి కూర్చుంటుంది. నీ అర్జీ నువ్వు వేరే పెట్టు. నాది కాలువ ఒక్కటే.