టర్కాయిస్ లేక్ దగ్గర జూలైలో టెంట్ క్యాంపింగ్: చలి, గాలి, వంట

ప్రశ్న | నల్లమబ్బు

అందరికీ నమస్కారం అండి. జూలై మూడో వారంలో రెండు కుటుంబాలం కలిసి కొలరాడోలో లెడ్‌విల్ పక్కనున్న టర్కాయిస్ లేక్ దగ్గర మూడు రాత్రులు టెంట్లు వేసుకుందామనుకుంటున్నాం. హ్యూస్టన్ నుంచి ఫ్లైట్‌లో డెన్వర్ దిగి, అక్కడ అద్దె కారు తీసుకుంటాం. నలుగురు పెద్దవాళ్లం, ముగ్గురు పిల్లలు, అందరిలో చిన్నదానికి ఆరేళ్లు. మా దగ్గర ఆరుగురు పట్టే టెంట్లు రెండు, 40 డిగ్రీల (ఫారెన్‌హీట్) స్లీపింగ్ బ్యాగులు, క్వీన్ సైజు ఎయిర్ మ్యాట్రెస్‌లు, రెండు బర్నర్ల ప్రొపేన్ స్టవ్ ఉన్నాయి.

టెంట్లకు ఏ క్యాంప్‌గ్రౌండ్ మంచిది? నీళ్లు కనిపించేంత దగ్గర్లో ఉంటే బాగుంటుంది. ఈ బ్యాగులు సరిపోతాయా? అన్నం, పప్పు అక్కడే వండుకోవచ్చా? పిల్లలు నీళ్లలో దిగొచ్చా?

జవాబు | లాడ్జ్‌పోల్

బ్యాగులు సరిపోవండి. లేక్ సుమారు 9,900 అడుగుల ఎత్తులో ఉంది. జూలైలో పగలు 70ల్లో ఉన్నా తెల్లవారుజామున 40 దగ్గరికి, కొన్ని రాత్రులు ఇంకా కిందికి పడిపోతుంది. బ్యాగు మీద రాసి ఉండే 40 చాలాసార్లు 'లిమిట్' రేటింగ్. సుఖంగా నిద్రపట్టే 'కంఫర్ట్' అంకె దానికి పది డిగ్రీలు పైన ఉంటుంది. 20 డిగ్రీల బ్యాగులు తెచ్చుకోండి. కొనడం ఎందుకనుకుంటే డెన్వర్‌లో అద్దెకు దొరుకుతాయి.

బ్యాగు కంటే ముందు మార్చాల్సింది ఎయిర్ మ్యాట్రెస్. లోపల ఏమీ లేని మందపాటి మ్యాట్రెస్‌లో గాలి అటూ ఇటూ కదులుతూ ఒంటి వేడిని నేలకి చేరవేస్తుంది. దాని ఆర్-వాల్యూ (నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 1 దగ్గరే ఉంటుంది. ఆ ఎత్తులో అది 4 పైన ఉన్న స్లీపింగ్ ప్యాడ్ (బ్యాగు కింద పరిచేది) కావాలి. మ్యాట్రెసే వాడతామంటే ఫోమ్ షీటు దాని కింద కాదు, పైన పరవండి. చలిగాలి నిండిన మ్యాట్రెస్‌కూ మీ వీపుకూ మధ్య అడ్డు ఉండాలి. ఇంకో సంగతి: సాయంత్రం బిగుతుగా గాలి కొట్టిన మ్యాట్రెస్ తెల్లారేసరికి మెత్తబడి ఉంటుంది. పంక్చర్ అనుకుని కంగారు పడకండి, లోపలి గాలి చల్లబడి ముడుచుకుపోతుంది, అంతే. పడుకునే ముందు ఇంకోసారి కొట్టండి.

సముద్రమట్టం నుంచి ఒక్క రోజులో పదివేల అడుగులెక్కితే తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మామూలే. మొదటి రాత్రి డెన్వర్‌లో, 5,280 అడుగుల దగ్గర పడుకుని మర్నాడు ఎక్కండి. పిల్లలు నొప్పి అని చెప్పరు. తిండి వద్దంటారు, ఊరికే చిరాకు పడతారు. లక్షణాలు పెరుగుతున్నా, నడక తూలుతున్నా, దగ్గు ఆయాసం మొదలైనా పొద్దున దాకా ఆగకండి, రాత్రికి రాత్రే కిందికి దిగాలి.

జవాబు | రాతిమేకు

టెంట్లకు మాత్రమే అనుకుంటే తూర్పు ఒడ్డున ఉన్న బెల్ ఆఫ్ కొలరాడో క్యాంప్‌గ్రౌండ్. ఆర్‌వీలు (ఇల్లులాంటి బండ్లు) ఉండవు, జనరేటర్ మోత ఉండదు. సామాను మాత్రం కారు దగ్గర్నుంచి మోసుకెళ్లాలి. మోలీ బ్రౌన్, బేబీ డో కూడా ఆ ఒడ్డునే. ముందే బుక్ చేసుకునే వీలున్న సైట్లు రిక్రియేషన్ డాట్ గవ్‌లో ఆరు నెలల ముందు తెరుచుకుంటాయి. జూలై వారాంతాలు వెంటనే అయిపోతాయి కాబట్టి సోమ, మంగళ, బుధ రాత్రులు చూడండి. నేషనల్ పార్క్ వార్షిక పాసుతో క్యాంపింగ్ ఫీజు తగ్గదు.

ఒక్కటి ఆలోచించుకోండి. తూర్పు ఒడ్డున దృశ్యం ఎంత బాగుంటుందో గాలీ అంతే ఉంటుంది. మధ్యాహ్నం పడమటి కొండల మీంచి దిగే గాలి లేక్ పొడవునా అడ్డులేకుండా వచ్చి ఆ ఒడ్డునే తాకుతుంది. చిన్న పిల్లలతో అయితే నీళ్లకి ఆనుకున్న సైటు కాకుండా, ఒక వరస చెట్లు వెనక్కి ఉన్నది తీసుకోండి. రాత్రిళ్లు చల్లగాలి పల్లానికి జారి నీటి పక్కన, వాగు నోటి దగ్గర నిలిచిపోతుంది. ముప్పై నలభై అడుగుల ఎత్తున్న మిట్ట మీద తేడా ఒంటికి తెలుస్తుంది. పడమటి కొసన మే క్వీన్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది కానీ అది సరిగ్గా వాగు దిగే చోటు. గాలి తక్కువ, చలి ఎక్కువ.

టెంటు వేసే ముందు తలెత్తి చూడండి. చుట్టూ ఉన్నవి లాడ్జ్‌పోల్ పైన్లు, వేళ్లు లోతుకి పోవు. ఎండిన చెట్టు గానీ, విరిగి వేలాడే కొమ్మ గానీ ఉంటే దాని పొడవెంతో అంత దూరం జరగండి. టెంటుతో వచ్చే సన్నని అల్యూమినియం మేకులు ఆ గులకనేలలో రెండో దెబ్బకే వంగిపోతాయి. పది అంగుళాల ఉక్కు మేకులు, పెద్ద వాషర్లు, ఒక సుత్తి తెచ్చుకోండి. మేకు తల టెంటుకి అవతలి వైపు వాలేలా దిగగొట్టాలి. రెయిన్‌ఫ్లై (టెంటు మీద కప్పే వాన గుడ్డ) తాళ్లన్నీ కట్టండి, వాన లేకపోయినా సరే. నైలాన్ తడిస్తే సాగుతుంది కాబట్టి వాన మొదలయ్యాక ఒకసారి మళ్లీ బిగించాలి. వాకిలి తూర్పుకి, ఇరుకు వైపు పడమటికి పెట్టండి. కింద పరిచే టార్ప్ టెంటు అడుగుకంటే నాలుగు వైపులా రెండేసి అంగుళాలు చిన్నదిగా ఉండాలి. అంచు బయటికి వచ్చిందంటే ఫ్లై మీంచి కారే నీళ్లన్నీ దాని మీద పడి టెంటు అడుక్కి చేరతాయి. తెల్లారి పరుపులు తడిశాయని టెంటుని తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే. చుట్టూ కాలువ తవ్వడం మాత్రం నిషిద్ధం.

ఖాళీగా, చదునుగా ఉంది కదా అని రిజర్వాయర్ అంచున బయటపడ్డ ఇసుకలో టెంటు వేయకండి. ఇది సహజమైన సరస్సు తీరు కాదు. ఫ్రైయింగ్‌పాన్-ఆర్కాన్సా అనే నీటి మళ్లింపు ప్రాజెక్టులో భాగంగా కొండల అవతలి వాలు నుంచి సొరంగం ద్వారా నీళ్లు వచ్చి పడతాయి. మంచు కరిగే రోజుల్లో మట్టం పెరుగుతుంది, ఎండాకాలం చివర్లో తగ్గుతుంది. తగ్గినప్పుడు తేలిన నేల పైకి గట్టిగా కనిపించినా అడుగున బురద. కారు దింపితే ఇరుక్కుపోతుంది.

జవాబు | సన్నసెగ

వంట సంగతికి వస్తే, ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 194 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా అంతకంటే వేడెక్కవు. అందుకే మామూలు గిన్నెలో అన్నం పలుకుగానే ఉండిపోతుంది, కందిపప్పు గంట గడిచినా మెదగదు. చిన్న ప్రెషర్ కుక్కర్ తెచ్చుకుంటే ఆ బాధ లేదు. లోపలి వేడి అక్కడా ఇంటి దగ్గరకంటే కొంచెం తక్కువే కాబట్టి ఉడికే సమయం 40 శాతం పెంచండి. ఇంట్లో పది నిమిషాలు పట్టేది పద్నాలుగు. పప్పు పొద్దున్నే నానబెట్టి వెళ్తే గ్యాసూ మిగులుతుంది. స్టవ్ మూడు వైపులా గాలికి అడ్డం ఉండాలి కానీ సిలిండర్ చుట్టూ రేకు మూయకూడదు, వేడెక్కితే ప్రమాదం. వాన వచ్చినా సరే టెంటులో, టెంటు వరండాలో స్టవ్ వెలిగించొద్దు. నిప్పు ఒక భయమైతే, కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా చంపుతుంది.

ప్రొపేన్ సిలిండర్లు ఫ్లైట్‌లో ఒప్పుకోరు, చెకిన్ సామానులో కూడా. దిగాక కొనుక్కోండి. స్టవ్‌ని మాత్రం గ్యాస్ వాసన లేకుండా శుభ్రం చేసి తెచ్చుకోవాలి.

తాగడానికి క్యాంప్‌గ్రౌండ్ కుళాయి నీళ్లు వాడండి. లేక్ నీళ్లు తాగాల్సి వస్తే 6,500 అడుగుల పైన నీళ్లు తెర్లడం మొదలయ్యాక మూడు నిమిషాలు ఆగాలి, ఒక్క నిమిషం చాలదు. నీటి మీద పచ్చటి పెయింటు లాంటి తెట్టు కనిపిస్తే ఆ నీళ్ల జోలికే పోవద్దు. ఆ విషం మరిగించినా పోదు. అంట్లు కుళాయి కింద కడగకండి.

నల్లమబ్బు

చాలా థాంక్స్ అండి, బ్యాగులూ ప్యాడ్లూ మారుస్తున్నాం. ఎలుగుబంట్లు, పిడుగుల గురించి కూడా ఎవరైనా చెప్తారా? క్యాంప్‌ఫైర్ పెట్టుకోవచ్చా?

జవాబు | లాడ్జ్‌పోల్

అక్కడుండేవి నల్ల ఎలుగులు. మనుషుల కోసం రావు, వాసన కోసం వస్తాయి. కూలర్, చెత్త, టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, తడి వైప్స్, పిల్లల జేబుల్లోని చాక్లెట్ కాగితాలు, అన్నీ రాత్రికి కారులో ఉండాలి. అద్దాలు పూర్తిగా ఎత్తి తాళం వేయండి. తాళం లేని తలుపు హ్యాండిల్ పట్టి లాగడం వాటికి వచ్చు. సైట్‌లో మూతపడే ఇనప పెట్టె ఉంటే అదీ పనికొస్తుంది. చెత్త ఏ పూటది ఆ పూట డంప్‌స్టర్‌లో వేసేయండి.

మంటకి: బయల్దేరే రోజు పొద్దున ఫారెస్ట్ ఆఫీసు పేజీలో నిప్పు ఆంక్షలు చూసుకోండి. స్టేజ్ 1 ఉంటే క్యాంప్‌గ్రౌండ్‌లో బిగించి ఉన్న ఇనప రింగులో మాత్రమే మంట, స్టేజ్ 2లో అసలు లేదు. ఆపే మీట ఉన్న గ్యాస్ స్టవ్ స్టేజ్ 2లోనూ సాధారణంగా ఒప్పుకుంటారు. కట్టెలు లెడ్‌విల్‌లోనే కొనండి, దూరం నుంచి తెస్తే పురుగులు వెంట వస్తాయి. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయండి. బూడిదలో చెయ్యి పెట్టగలిగితేనే ఆరినట్టు.

జూలైలో పిడుగుల వాన దాదాపు రోజూ మధ్యాహ్నం దిగుతుంది. నడకలూ పడవలూ పన్నెండు లోపే ముగించండి. ఉరుము వినపడగానే అందరూ కారులోకి వెళ్లాలి. టెంటు ఏ రక్షణా ఇవ్వదు, ఒంటరి చెట్టు ఇంకా ప్రమాదం. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రండి.

జవాబు | రాతిమేకు

పిల్లలు నీళ్లలో దిగడం గురించి ఎవరూ చెప్పలేదు. అది మంచు కరిగిన నీరు, లైఫ్‌గార్డ్ ఉండరు. ఒక్కసారిగా మునిగితే ఊపిరి ఎగపీల్చుకుని నీళ్లు మింగేస్తారు, ఈత వచ్చినవాళ్లు కూడా. మోకాళ్ల లోతు వరకు, పెద్దవాళ్లు చెయ్యి అందే దూరంలో నిలబడితే చాలు. కయాక్ గానీ ప్యాడిల్ బోర్డ్ గానీ ఎక్కితే 13 ఏళ్ల లోపు పిల్లలకు లైఫ్ జాకెట్ కొలరాడో చట్టం ప్రకారం తప్పనిసరి. సైజు చూడ్డానికి జాకెట్ తొడిగి భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపండి, గడ్డం దాటి జారితే అది వదులు. ఆరేళ్ల పాపకి కాళ్ల మధ్య పట్టీ ఉన్నది చూడండి.