ఒడ్డున గూళ్ల లెక్క పెరిగితే సముద్ర తాబేళ్లు కోలుకుంటున్నట్టేనా?

ప్రశ్న – నీలిఅల

సముద్ర తాబేళ్ల మీద, పగడపు దిబ్బల మీద ప్రభుత్వ శాఖల పర్యవేక్షణలో జరిగే పరిశోధనల నివేదికలను కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. చదివేకొద్దీ రెండు సందేహాలు బలపడుతున్నాయి. ఈ రంగం తెలిసినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

దాదాపు ప్రతి నివేదికా ఇసుకలో లెక్కించిన గూళ్ల సంఖ్యనే ప్రధాన ఆధారంగా చూపుతోంది. తాబేలు బతుకంతా నీళ్లలోనే గడుస్తుంది. మగ తాబేళ్లయితే గుడ్డు పగిలి సముద్రంలోకి వెళ్లాక చాలా జాతులలో మళ్లీ నేల మీదికి రావడం అరుదు. అలాంటప్పుడు ఆడ తాబేలు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన ఆ కొద్దిసేపటి జాడను బట్టి జాతి మొత్తం క్షేమంగా ఉందో లేదో ఎలా చెప్పగలుగుతున్నారు? గూళ్లు పెరిగాయన్న వార్త రాగానే రక్షణ నిబంధనలను సడలించవచ్చన్న వాదన మొదలవుతుంది కనుక ఇది నాకు చిన్న విషయంగా అనిపించడం లేదు.

రెండవ సందేహం పర్యవేక్షణ గురించే. తాబేలుకు ట్యాగ్ వేయాలన్నా, పగడం ముక్క ఒకటి తీసుకోవాలన్నా పరిశోధకులు అనుమతుల కోసం చాలాకాలం వేచి ఉండవలసి వస్తోంది. మరోవైపు చేపల వేటను నిర్వహించే శాఖే, ఆ వేట వల్ల తాబేళ్లకు జరిగే నష్టాన్ని కూడా అంచనా వేస్తోంది. ఈ రెండు పనులూ ఒకే చేతిలో ఉన్నప్పుడు వచ్చే ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చు?

తీరరేఖ

నీలిఅల గారూ, మీ మొదటి సందేహం చాలా సరైనది. అయితే గూళ్ల లెక్కను తీసిపారేయకూడదు. దాని విలువ ఏటా అదే తీరంలో, అదే రోజులలో, అదే పద్ధతిలో లెక్కించడంలో ఉంది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం ఎంపిక చేసిన తీరాలలో 1989 నుంచి ఇలాగే లెక్కిస్తోంది. అక్కడ లాగర్‌హెడ్ తాబేళ్ల గూళ్లు 1998 తరువాత సుమారు 2007 దాకా తగ్గుతూ వచ్చి, ఆ తరువాత మళ్లీ పెరిగాయి. ఐదారేళ్ల నిధులతో నడిచే విశ్వవిద్యాలయ ప్రాజెక్టు ఏదైనా ఆ కాలంలో ఒక భాగాన్ని మాత్రమే చూసి ఉంటే, మొదలుపెట్టిన ఏడాదిని బట్టి పూర్తిగా వేర్వేరు నిర్ధారణలకు వచ్చి ఉండేది. దశాబ్దాల పాటు ఆగకుండా లెక్కించే పనికి ప్రభుత్వ పూనిక అవసరమయ్యేది ఇందుకే.

ఇక ఆ లెక్క చెప్పలేనిది కూడా చాలా ఉంది. ఒక ఆడ తాబేలు ఒకే రుతువులో అనేక గూళ్లు పెడుతుంది, ఆ తరువాత రెండు మూడేళ్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ కాలం తీరానికి రాదు. కాబట్టి గూళ్ల సంఖ్య తాబేళ్ల సంఖ్య కాదు. ఆహారం బాగా దొరికిన ఏడాది ఎక్కువ ఆడ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతాయి, జనాభా పెరగకపోయినా గూళ్లు పెరుగుతాయి. గ్రీన్ టర్టిల్ అనే జాతి తాబేలు ఈడుకు రావడానికి పాతికేళ్లు, చాలా చోట్ల అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఈనాడు ఒడ్డున కనిపించే పెరుగుదల ఒక తరం కిందట జరిగిన రక్షణకు ఫలితం. ఈనాడు వలల్లో చనిపోతున్న పిల్ల తాబేళ్ల లోటు గూళ్ల లెక్కలో కనిపించడానికి మరో తరం పడుతుంది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2010లో వెలువరించిన సమీక్ష కూడా ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. గూళ్ల లెక్క ఒక్కటే చాలదనీ, ఏ వయసులో ఎన్ని బతుకుతున్నాయో, ఎన్నేళ్లకు ఈడుకొస్తున్నాయో తెలియకుండా జనాభా స్థితిని తేల్చలేమనీ దాని సారాంశం.

దీనికి ఆస్ట్రేలియాలోని రెయిన్ దీవి కన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. అది ప్రపంచంలోకెల్లా ఎక్కువ గ్రీన్ టర్టిళ్లు గుడ్లు పెట్టే చోటు, ఒక్కొక్క రాత్రి వేలాదిగా ఒడ్డెక్కుతాయి. తాబేలు పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది గూటిలోని ఇసుక వేడి. సుమారు 29 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండూ సమానంగా పుడతాయి, అంతకు మించి వేడెక్కేకొద్దీ ఆడవే ఎక్కువవుతాయి. ఆ దీవి ఉన్న గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల వరుస ఉత్తర భాగంలో మేత కోసం ఒకచోట చేరే తాబేళ్లను పట్టి, రక్తంలోని హార్మోన్లను బట్టి లింగాన్నీ, జన్యువులను బట్టి పుట్టిన తీరాన్నీ గుర్తించిన పరిశోధన 2018లో వెలువడింది. ఉత్తర తీరాలలో పుట్టి ఇంకా పూర్తిగా ఎదగని తాబేళ్లలో 99 శాతానికి పైగా ఆడవేనని అందులో తేలింది. చల్లటి దక్షిణ తీరాలలో పుట్టిన వాటిలో ఆడవి 65 నుంచి 69 శాతం. గూళ్లను మాత్రమే లెక్కించేవారికి ఆడవి పెరగడం కొన్నేళ్లపాటు శుభవార్తగానే కనిపిస్తుంది. మగవి కరువయ్యాయన్న సంగతి పొదగని గుడ్లు కనిపించేదాకా ఒడ్డున తెలియదు.

లోతుగట్టు

నేను అనుమతుల గురించి మాత్రమే రాస్తాను. అమెరికాలో 1973 నాటి అంతరించిపోతున్న జాతుల చట్టం కింద తాబేలును పట్టుకోవడం, వెంబడించడం, వేధించడం కూడా నిషిద్ధమే. పరిశోధకుడైనా ప్రత్యేక అనుమతి లేకుండా ట్యాగ్ వేయకూడదు. తాబేలు నీటిలో ఉంటే సముద్ర మత్స్య శాఖ, ఒడ్డెక్కితే వన్యప్రాణి శాఖ బాధ్యత వహిస్తాయి. 1977 నుంచి ఈ పంపకం నడుస్తోంది. అనుమతి కోరేవారు ఎన్ని తాబేళ్లను, ఏ వయసువాటిని, ఏ పద్ధతిలో పట్టుకుంటారో, తాబేటి డిప్పకు అతికించే ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్ బరువు ఎంతో, ఆ పని చేసే చేతులకు ఎంత అనుభవం ఉందో చెప్పాలి.

ఇది అనవసరమైన తతంగం కాదు. పిల్ల తాబేలు మీద బరువైన పరికరం అతికిస్తే ఈతకు అడ్డు తగులుతుంది. ఒకే మేత ప్రాంతంలో ముగ్గురు నలుగురు పరిశోధకులు ఒకరికొకరు తెలియకుండా అవే తాబేళ్లను పదే పదే పట్టి రక్తం తీస్తే ఆ బాధ మొత్తాన్ని లెక్కగట్టేవారు ఒకరుండాలి. ఆ పని అనుమతులిచ్చే కార్యాలయం తప్ప మరెవరూ చేయలేరు. పగడాల విషయంలోనూ అంతే. కొన్ని పగడాలు ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతాయి కాబట్టి గుప్పెడంత ముక్క తీయడమంటే ఎన్నో ఏళ్ల పెరుగుదలను తీసేయడమే.

అయినా జాప్యం నిజమే, దానిని నేను సమర్థించను. నేను పైన అన్నదానికన్నా ఎక్కువ బాధ పెట్టేది సరిహద్దులు దాటే నమూనాల వ్యవహారం. అన్ని సముద్ర తాబేళ్లూ, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలోనూ, రాతి పగడాలు రెండవ అనుబంధంలోనూ ఉన్నాయి. అందువల్ల గోరంత చర్మపు ముక్కను జన్యు పరీక్ష కోసం మరో దేశానికి పంపాలన్నా ఎగుమతి పత్రం కావాలి, తాబేలు నమూనా అయితే దిగుమతి పత్రం కూడా తప్పనిసరి. తాబేలు ఒక దేశపు ఒడ్డున పుట్టి మరో దేశపు జలాలలో మేసి, ఇంకో దేశపు వలలో చిక్కుకుంటుంది. దాని వెంట నడవవలసిన పరిశోధన మాత్రం ప్రతి సరిహద్దు దగ్గరా ఆగిపోతోంది. తీరరేఖ గారు ప్రస్తావించిన 2010 సమీక్షే అనుమతుల ప్రక్రియను వేగవంతం చేయాలని కూడా సూచించింది.

నీటినీడ

వేటను నిర్వహించే శాఖే నష్టాన్ని అంచనా వేయడం గురించి నీలిఅల గారు అడిగారు. ఈ విషయంలో రొయ్యల వలల చరిత్ర చూడాలి. ట్రాలర్ల వలలో చిక్కిన తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రాలేక మునిగి చనిపోతుంది. దానిని నివారించడానికి వల మధ్యలో కమ్మీల చట్రం, దాని పక్కన బయటకు పోయే దారి ఉన్న పరికరాన్ని అమెరికా మత్స్య శాఖ పరిశోధకులే అభివృద్ధి చేశారు. దానినే టెడ్ అంటారు. 1987లో దానిని తప్పనిసరి చేస్తూ నియమాలు వచ్చినప్పుడు మెక్సికో సింధుశాఖ తీరంలో రొయ్యల వేటగాళ్ల నుంచి తీవ్రమైన వ్యతిరేకత ఎదురైంది. తాబేళ్లు తగ్గడానికి తమ వలలే కారణమని శాఖ చెబితే వారు నమ్మలేదు. దాంతో చట్టసభ 1988లో ఆ ప్రశ్నను శాఖ చేతుల్లోంచి తీసి జాతీయ విజ్ఞాన అకాడమీకి అప్పగించింది. మానవుల మిగతా పనులన్నీ కలిపి చంపే తాబేళ్లకన్నా రొయ్యల ట్రాలర్లు చంపేవే ఎక్కువని 1990లో ఆ నిపుణుల సంఘం తేల్చింది.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఆ సంఘం కొత్తగా సముద్రంలోకి వెళ్లి లెక్కలు సేకరించలేదు. తీరానికి కొట్టుకొచ్చిన కళేబరాల నమోదు, ఓడల మీద పరిశీలకులు రాసిన వివరాలు వంటివి చాలావరకు ప్రభుత్వ కార్యక్రమాలు కూడబెట్టినవే. తీర్పు మాత్రం వేటతోనూ శాఖతోనూ సంబంధం లేనివారిది. సమాచారం సేకరించేవారూ, దాని అర్థం తేల్చేవారూ వేర్వేరుగా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. ప్రభుత్వ పరిశోధనను నమ్మాలా వద్దా అని అడిగేకంటే, ఆ ముడి వివరాలు బయటివారికి అందుబాటులో ఉన్నాయా అని అడగడం మేలు.

కెంప్స్ రిడ్లీ అనే జాతి తాబేళ్ల సంగతి కూడా చెప్పాలి. 1947లో మెక్సికోలోని రాంచో న్యూవో తీరంలో ఒకే రోజు సుమారు 40,000 ఆడ తాబేళ్లు గుడ్లు పెట్టినట్టు ఆనాటి చిత్రీకరణను బట్టి అంచనా వేశారు. 1985 నాటికి ఏడాది మొత్తానికి గూళ్లు సుమారు 700కు పడిపోయాయి. రెండు దేశాల ప్రభుత్వాలూ కలిసి తీరానికి కాపలా పెట్టాయి. అంతేకాక 1978 నుంచి కొన్ని గుడ్లను టెక్సస్‌కు తరలించి, పిల్లలను కొన్ని నెలలు తొట్లలో పెంచి వదిలారు. చూడడానికి ఎంతో ఆశ కలిగించిన పని అది. కానీ 1990 సంఘం దానిని ప్రయోగంగానే చూడాలనీ, వలల్లో మరణాలను ఆపే చర్యలకు అది ప్రత్యామ్నాయం కాదనీ స్పష్టం చేసింది. కాపలా, టెడ్ రెండూ అమలయ్యాక గూళ్లు ఏటేటా వేగంగా పెరిగాయి. అయితే 2010లో ఒక్కసారిగా తగ్గి, ఆ తరువాత పాత వేగాన్ని అందుకోలేదు. పెరుగుతున్న రేఖను ముందుకు పొడిగించి, ఫలానా ఏడాదికి జాతి కోలుకుంటుందని చెప్పడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

నీలిఅల

మీ అందరికీ కృతజ్ఞతలు. ఒక ప్రశ్న మిగిలింది. పగడపు దిబ్బలకు గూళ్లలాంటి లెక్క ఏదీ ఉండదు కదా, అక్కడ దేనిని కొలుస్తారు? ఆ కొలతకు కూడా ఇలాంటి పరిమితులే ఉన్నాయా?

ఉప్పుగాలి

ఉన్నాయి. అక్కడ ఎక్కువగా కొలిచేది, దిబ్బ ఉపరితలంలో సజీవమైన రాతి పగడం ఎంత శాతం కప్పి ఉందన్నది. ఆస్ట్రేలియా ప్రభుత్వ సముద్ర విజ్ఞాన సంస్థ 1980ల నుంచి గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో ఈ పని చేస్తోంది. పరిశీలకుడు పడవ వెనుక తాడుకు కట్టిన పలకను పట్టుకొని దిబ్బ చుట్టూ తేలుతూ, రెండేసి నిమిషాలకు ఒకసారి తాను చూసిన శాతాన్ని నమోదు చేస్తాడు. 2022లో ఉత్తర, మధ్య భాగాలలో 36 ఏళ్లలోకెల్లా అత్యధిక శాతం నమోదైంది. దిబ్బలు పూర్తిగా కోలుకున్నాయని చాలామంది ప్రకటించారు. నిజానికి ఆ పెరుగుదలలో అధిక భాగం అక్రోపోరా పగడాలది. అవి ఎంత వేగంగా పెరుగుతాయో వేడికీ, తుపాను అలలకీ, పగడాలను తినే ముళ్ల కిరీటపు నక్షత్ర చేపలకీ అంత త్వరగా బలవుతాయి. 2024లో వేడికి తమలో ఉండే నాచును కోల్పోయి విస్తృతంగా పగడాలు తెల్లబారిన తరువాత, 2025 నివేదికలో ఉత్తరాన సుమారు పావు వంతు, దక్షిణాన అంతకన్నా ఎక్కువ పగడపు కప్పు పోయినట్టు తేలింది. ఏ జాతి పగడం పెరిగిందో చెప్పని శాతం, ఆడా మగా తేడా చెప్పని గూళ్ల లెక్క లాంటిదే.

దీనికి తోడు అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ ఉపగ్రహాలతో నీటి వేడిని కనిపెడుతూ ఉంటుంది. సాధారణ వేసవి గరిష్ఠాన్ని మించిన వేడి ఎంత, అది ఎన్ని వారాలు నిలిచింది అన్న రెండింటినీ కలిపి లెక్కిస్తారు. ఆ లెక్క (డిగ్రీ-వారాలలో) 4కు చేరితే పగడాలు గణనీయంగా తెల్లబారతాయనీ, 8కి చేరితే మరణాలు మొదలవుతాయనీ అంచనా. 2023లో కొన్ని చోట్ల వేడి పాత హెచ్చరిక స్థాయిలను దాటిపోవడంతో వాటికి పైన కొత్త స్థాయిలు చేర్చవలసి వచ్చింది. ఆ ఏడాదే ఫ్లోరిడాలో పగడాలను సముద్రం నుంచి తీసి ఒడ్డున తొట్లలో దాచారు. అందుకు వ్యవధి దొరకడంలో ఈ ముందస్తు హెచ్చరికల పాత్ర ఉంది.

తాబేళ్ల లెక్క ఒక కార్యాలయంలో, దిబ్బల లెక్క మరో కార్యాలయంలో విడివిడిగా ఉండిపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. కరీబియన్ సముద్రంలో హాక్స్‌బిల్ తాబేలు ప్రధాన ఆహారం స్పంజికలని 1988లోనే తేలింది. ఆ స్పంజికలు పగడాలతో చోటు కోసం పోటీ పడేవి. హవాయి గ్రీన్ టర్టిళ్లలో 90 శాతానికి పైగా గుడ్లు పెట్టేది ఫ్రెంచ్ ఫ్రిగేట్ షోల్స్ అనే పగడపు వలయంలోని చిన్న ఇసుక దీవులలో. 2018లో వలాకా తుపాను వచ్చినప్పుడు వాటిలో ముఖ్యమైన ఈస్ట్ దీవి దాదాపు కొట్టుకుపోయింది. అదే తుపాను అక్కడి ఒక పగడపు దిబ్బను కూడా నేలమట్టం చేసింది. ఆ తాబేళ్లకు ప్రభుత్వ పరిశోధకులు 1973 నుంచి గుర్తులు వేస్తూ వచ్చారు కాబట్టి, దీవి పోయాక ఏ ఆడ తాబేలు పక్కనున్న టెర్న్ దీవికి మారిందో, ఏది తిరిగి కనిపించలేదో చెప్పగలిగే ఆధారం ఉంది. నీలిఅల గారూ, ఇకపై నివేదిక చదివేటప్పుడు గూళ్ల సంఖ్య పక్కన ఆ తీరపు ఇసుక వేడి, సమీపంలోని దిబ్బ స్థితి, గుర్తులున్న తాబేళ్లలో మళ్లీ కనిపించిన వాటి వివరం ఉన్నాయేమో చూడండి. అవి లేకపోతే ఆ శాఖకు రాసి అడగండి. చాలా సందర్భాలలో ఆ వివరాలు వారి దగ్గర ఉంటాయి, నివేదికలో చేర్చరు, అంతే.