పర్లాకిమిడిలో ఇంటి పైపులన్నీ మార్చాలి, ప్లంబర్‌ని ఏం చూసి పెట్టుకోవాలి?

పర్లా_కోడలు
అందరికీ నమస్కారం. మామగారు కట్టించిన ఇల్లు, అన్నీ పాత జీఐ పైపులే, అంటే జింకు పూత ఇనుప గొట్టాలు. లోపల తుప్పు పేరుకుపోయి మేడ మీద కొళాయి దారంలా వస్తోంది, వంటింటి గోడ ఎండాకాలంలో కూడా చెమ్మే. రెండు బాత్రూములు, వంటిల్లు కొత్త లైను వేయించాలి. ఇద్దరిని పిలిచాం. ఒకాయన మా ఊరి పైపు మిస్త్రి, గోడ వైపు చూసి వేళ్ళ మీద లెక్కేసి సామానుతో కలిపి ఇంత అనేశాడు. ఇంకొకాయన పాతపట్నం నుంచి వచ్చాడు, టేపు పెట్టి కొలిచాడు, ట్యాంకు దాకా ఎక్కాడు, కానీ కూలి ఎక్కువ చెప్పాడు, సామాను మమ్మల్నే కొనుక్కోమన్నాడు. మామగారేమో ఊళ్ళోవాడైతే అర్ధరాత్రి పగిలినా వస్తాడంటారు. ఇదివరకు ఒకసారి టైల్స్ వేయించిన మూడో నెలకే లీకైతే చేసినవాడు ఫోనెత్తలేదు, ఆ టెన్షన్ ఇంకా పోలేదు నాకు. అసలు ప్లంబర్లకి సర్టిఫికెట్ ఉంటుందా? అడిగితే ఏమనుకుంటారో?

బరంపురం_బాబాయ్
ఉంటుందమ్మా. ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సు. అడగండి, అనుకుంటే అనుకోనీండి. కానీ కాగితం లేనివాడికి పని రాదనుకోకండి. మన ఒడిశాలోనే కేంద్రాపడా వైపు, పట్టాముండయి, ఆలి ప్రాంతాల్లో ఊళ్ళకి ఊళ్ళు ఇదే పని, దేశంలో ఏ పెద్ద నగరానికి వెళ్ళినా అక్కడివాళ్ళు కనిపిస్తారు. ప్లంబింగ్ నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా పట్టాముండయిలో పెట్టారు. వాళ్ళలో చాలామంది అన్న వెనకో మామ వెనకో వెళ్ళి నేర్చుకున్నవాళ్ళే.

నేనైతే మూడు నాలుగేళ్ళ కిందట ఆయన పని చేసిన ఇల్లు చూపించమంటాను. నిరుడు చేసింది వద్దు, అది ఎలాగూ బాగానే ఉంటుంది. వెళ్ళి ఆ ఇంటాయన్ని కాదు, ఇంటావిడని అడగండి. ఏ మూల చెమ్మ వస్తోందో, ఏ తూములోంచి వాసన వస్తోందో ఆవిడే చెప్తుంది. చూపించడానికి ఒక్క ఇల్లు కూడా లేదన్నవాడిని అక్కడే వదిలేయండి.

పైపు_పానా
అక్కా, నాది ఇదే వృత్తి, ఇచ్ఛాపురంలో ఉంటాను. ఎవరిని పెట్టుకున్నా పని ఇచ్చే ముందు రెండే ప్రశ్నలు అడగండి.

మొదటిది, ఏ గమ్ వాడతావు అని. వేడినీళ్ళకి వేసే సీపీవీసీ ప్లాస్టిక్ పైపుకి దాని గమ్ వేరు, చన్నీళ్ళకి వేసే మామూలు యూపీవీసీ గమ్ వేరు. డబ్బాలో మిగిలింది కదా అని దానికిది పూసేసేవాళ్ళున్నారు. ఆ రోజు పట్టుకున్నట్టే ఉంటుంది, గీజర్ వేడి తగిలాక వదిలేస్తుంది. పైపు మీద ఐఎస్ఐ గుర్తు, సీపీవీసీకైతే ఐఎస్ 15778 అన్న నంబరు అచ్చు వేసి ఉంటుంది, మీరే చదువుకోవచ్చు.

రెండోది ముఖ్యం. ప్లాస్టరింగ్‌కి ముందు ప్రెషర్ టెస్ట్ చేస్తావా అని. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే కింద కొళాయి దగ్గర ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి ఒక కిలో, అంతే. ఆ ఒక్క కిలోకి బయటపడని లీకు మూడో నెలలో టైల్స్ వెనక తెలుస్తుంది, మీకు జరిగింది అదే అయ్యుంటుంది. అందుకని చివరి జాయింటు అతికాక ఒక రోజు ఆగి, కొళాయిలు బిగించకుండా అన్ని చోట్లా ప్లగ్గులు కొట్టి, లైన్లో గాలి పూర్తిగా పోయేలా నీళ్ళు నింపి, గేజీ ఉన్న టెస్టింగ్ చేతి పంపుతో ఆరేడు కిలోల దాకా ఎక్కించి వదిలేయాలి. రెండు మూడు గంటలు చూడండి. గేజీ ముల్లు దిగుతూ పోతుంటే ఎక్కడో కారుతున్నట్టే, గోడ మూయనివ్వకండి. ఫోన్లో గేజీ ఫోటో, తెరిచి ఉన్న గోడల ఫోటోలు తీసి దాచుకోండి, రేపు అద్దానికి మేకు కొట్టేటప్పుడు కూడా పనికొస్తాయి.

రాయగడ_రామం
పానా అన్న చెప్పింది కరెక్టే గానీ డబ్బు సంగతి ఎవరూ మాట్లాడలేదు. "సామానుతో కలిపి" అన్నాడంటే ఏ కంపెనీ, ఏ క్లాసు, ఎన్ని అడుగులు అని రాయించుకోండి, లేకపోతే లోపలికి ఏం వెళ్ళిందో దేవుడికే తెలియాలి. మీరే కొన్నా సరే, కొన్ని కంపెనీలు పెట్టెల్లో మిస్త్రీలకి కూపన్లు పెడతాయి, షాపువాడి కమీషన్ ఉంటుంది, అందుకే ఒక్క షాపు పేరే చెప్పి అక్కడికే వెళ్ళమంటాడు. మా ఇంటికి మూడు వాయిదాలు పెట్టుకున్నాం, మొదలుపెట్టేటప్పుడు కొంత, టెస్ట్ అయ్యాక కొంత, కొళాయిలన్నీ బిగించి నెల వాడాక మిగతాది. ఆ చివరిది ఉంచుకోవడం వల్లే పిలవగానే వచ్చాడు.

మీ మామగారి మాట కూడా కొట్టిపారేయకండి. పొరుగూరి నుంచి ఒక వాషర్ మార్చడానికి ఎవరొస్తారు?

పర్లా_కోడలు
ఇద్దరికీ ఫోన్ చేశాను. పాతపట్నం ఆయన పంపు లేదు, అద్దెకి తెస్తానన్నాడు. మా ఊరాయన నవ్వి, "నా దగ్గర పంపు ఉందమ్మా, మీరంతా మర్నాడే టైల్స్‌వాళ్ళని తెచ్చి కూర్చోబెడతారు, ఇంక టెస్ట్ ఎప్పుడు చెయ్యను" అన్నాడు! నిజమే, కిందటిసారి మేమే తొందరపెట్టాం. ఆదివారం ఆయన చేసిన రెండు ఇళ్ళు చూడటానికి వెళ్తున్నాను, మామగారు కూడా వస్తారట. ఒక సందేహం, పాత జీఐ పైపులు తనకి వదిలేయమంటున్నాడు. అది మామూలేనా?

పైపు_పానా
మామూలే అక్కా, కానీ ఊరికే కాదు. ఇనుము తూకానికి పోతుంది, రెండు బాత్రూములు, వంటిల్లు అంటే కొంచెం కాదు. కాటా వేయించి ఆ డబ్బు కూలిలో తగ్గించమనండి. పాత గేట్ వాల్వులు ఇత్తడివైతే అవి విడిగా తీసి పెట్టుకోండి.