సమస్యాపూరణం: ‘నీరు తగ్గినపుడె నిండెఁ జెఱువు’

సంచాలకుల ప్రకటన

మన పక్షివీక్షకుల బృందం శరదృతువులో జరుపుకొనే చెరువుగట్టు నడకలకూ, సాయంకాల ప్రసంగాలకూ తోడుగా ఈసారి ఒక సమస్యను ఇస్తున్నాము. ఇది ఆటవెలది నాలుగవ పాదం. ఇందులో అయిదు సూర్యగణాలు ఉన్నాయి, ‘నీ–ని’ యతి కుదిరింది. పూరించేవారు మూడు పాదాలు రచించి దీనిని చివరి పాదంగా నిలపాలి.

నీరు తగ్గినపుడె నిండెఁ జెఱువు

నీరు తగ్గితే చెరువు ఎలా నిండుతుందన్నదే చిక్కు. ఛందస్సూ వ్యాకరణమూ ఎలాగూ చూస్తాము. వాటితో పాటు, పద్యంలో చెప్పిన పక్షి చెప్పిన చోటికి చెప్పిన నెలలో నిజంగా వస్తుందా అన్నది కూడా చూస్తాము. ఇతర సభలలో ఈ పట్టింపు ఉండకపోవచ్చు, కాని మన సభలో ఉండాలని నా గట్టి అభిప్రాయం.

మొదటి పూరణ (సంగారెడ్డి సభ్యులు)

ఆ.వె.
ఒండ్రు మేట మీద నుల్లంకు లాడఁగాఁ
బురుగుఁ బట్టు ముక్కు పొడవు లెన్నొ
కొలఁది కొక్క పిట్ట కొలువైన తీరున
నీరు తగ్గినపుడె నిండెఁ జెఱువు

వివరణ: 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు అంచున చూసిన దృశ్యం ఈ పద్యానికి ఆధారం. నీరు వెనక్కి తగ్గి బురద బయటపడిన కొద్దీ అక్కడికి ఉల్లంకి పిట్టలు (బురద అంచున మేసే నీటిపిట్టలు) చేరాయి.

సంచాలకుల సమీక్ష: సమస్యలోని వైరుద్ధ్యాన్ని మాటల విరుపుతో కాక చెరువులో జరిగే పనితోనే విడదీసిన పూరణ ఇది. ‘ముక్కు పొడవు లెన్నొ’ అన్న మాటలో పెద్ద విషయం ఇమిడి ఉంది. కంటి చుట్టూ పసుపు వలయం ఉన్న లిటిల్ రింగ్డ్ ప్లవర్ ముక్కు పొట్టిది కనుక అది బురద పైపైన కంటికి కనిపించిన పురుగును పరుగెత్తి ఏరుకుంటుంది. పిచ్చుకంత లిటిల్ స్టింట్ తడిసిన అంచున ముక్కుతో పొడుచుకుంటూ పోతుంది. ముక్కూ కాళ్ళూ పొడవైన బ్లాక్‌టెయిల్డ్ గాడ్విట్ నీటిలో దిగి, అడుగున ఉన్న మెత్తని మట్టిలోకి ముక్కును లోతుగా దింపి వెదుకుతుంది. ఒకే అంచున ఇన్ని జాతులు పెద్దగా కలహించకుండా బతకడానికి ఈ కొలతల తేడాయే ముఖ్యకారణం. ‘కొలఁది కొక్క పిట్ట’ అన్నప్పుడు కొలతకూ, నీటి లోతుకూ కలిపి అర్థం చెప్పుకోవచ్చు. లాడఁగాఁ–బురుగు సంధి కూడా శుద్ధంగా ఉంది.

అయితే కాలం విషయంలో ఒక సందేహం మిగిలింది. నైరృతి వానలు ముగిసిన ఆశ్వయుజంలో తెలంగాణ చెరువులు గట్లంటి ఉంటాయి. అప్పటికే సైబీరియా ఉత్తరాన గూళ్ళు పెట్టి వచ్చిన స్టింట్లు మన ప్రాంతానికి చేరుతున్నా వాటికి నిలబడడానికి బురద దొరకదు, కాబట్టి వరిమడుల గట్లనూ తడి బీళ్ళనూ ఆశ్రయిస్తాయి. మీరు వర్ణించిన మేట కార్తికం చివర నుంచి కదా కనిపిస్తుంది?

సంగారెడ్డి సభ్యుల సమాధానం: మీరు చెప్పినది నిజం. పద్యంలో మాసం పేరు చెప్పలేదు కాని, నా మనసులో ఉన్నది కార్తిక బహుళమే. ఈసారి నడకల పట్టికలో అమీన్‌పూర్‌ను ఆశ్వయుజంలో పెట్టారు. అప్పటి నిండు నీటిలో బాతులు మాత్రమే బాగా కనిపిస్తాయి కనుక, ఆ నడకను నవంబరు చివరి ఆదివారానికి జరిపితే ఉల్లంకులను గుర్తుపట్టే అభ్యాసం కొత్త సభ్యులకు సులభమవుతుందని మనవి.

సంచాలకులు: మనవి సముచితం. నడకను జరుపుతున్నాము.

రెండవ పూరణ (కైకలూరు సభ్యులు)

ఆ.వె.
మడుగు చిక్కి చేప మసలలేకుండఁగా
గూడబాతు గుంపు కూడి వచ్చె
ఎఱ్ఱకాళ్ళ కొంగ లేగుదెంచెను వెంట
నీరు తగ్గినపుడె నిండెఁ జెఱువు

సంచాలకుల సమీక్ష: కొల్లేటి ఒడ్డున ఉండేవారి పద్యమని మొదటి పాదమే చెబుతోంది. ముందుగా వ్యాకరణం చూద్దాము. ‘వచ్చె’ ద్రుతాంతం (చివర నకారం చేరే పదం), తరువాతి పాదం అచ్చుతో మొదలైంది, కాబట్టి ‘వచ్చె / నెఱ్ఱకాళ్ళ’ అని సంధి చేయాలి. పాదం మారిందని సంధిని విడిచిపెట్టడం పద్యానికి తగదు. అలా మార్చినా యతికి భంగం లేదు. ‘నెఱ్ఱ’లోని ఎకారానికీ, ‘లేగు’లోని ఏకారానికీ స్వరయతి అలాగే చెల్లుతుంది.

ఇక భావంలో ఒక్క మాట నన్ను ఆపింది. అది ‘వెంట’. గూడబాతు (పెలికన్) ఈదుతూ ముక్కు కింది సంచితో చేపను నీటితో సహా తోడుకుంటుంది, అందుకు కొంత లోతు కావాలి. ఎర్రకాళ్ళ కొంగ (పెయింటెడ్ స్టార్క్) నిలబడి, సగం తెరిచిన ముక్కును నీటిలో ఉంచి, చేప తగిలిన క్షణంలో మూసి పట్టుకుంటుంది, కాబట్టి దానికి కాళ్ళు ఆనే లోతే కావాలి. నీరు దిగుతున్న మడుగులో ముందు గూడబాతులకూ, ఆ తరువాత కొంగలకూ వంతు వస్తుంది. రెండూ ఒక్కసారే దిగాయని రాస్తే పద్యం వట్టి జాబితాగా మిగిలేది. ‘వెంట’ అనడం వల్ల నీరు తగ్గే క్రమమే పద్యంలోకి వచ్చింది.

కైకలూరు సభ్యుల సమాధానం: సంధి సవరణను శిరసావహిస్తున్నాను. ఈ దృశ్యం సరస్సులో కంటె చేపల చెరువులలోనే ఎక్కువగా కనిపిస్తుందని చెప్పడం ధర్మం. పట్టుబడికి చెరువును తోడేటప్పుడు పక్షులు వచ్చి పడతాయి, పెంపకందారులు వలలు కట్టి, టపాకాయలు కాల్చి వాటిని తరుముతారు. పద్యంలో వారి నష్టానికి చోటు చిక్కలేదు. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలల రాంసార్ జాబితాలో చేర్చారు. అయినా పక్షికి ఎర దొరికే చోటూ, మనిషికి కూడు దొరికే చోటూ ఒకటే అయినప్పుడు ఏం చేయాలన్నది మా ఊళ్ళో ఇంకా తేలని విషయమే. ఆటపాక పక్షికేంద్రం దగ్గర జరిపే ప్రసంగానికి ఒక చేపల రైతును కూడా పిలవాలని కోరుతున్నాను.

మూడవ పూరణ (సూళ్ళూరుపేట సభ్యురాలు)

ఆ.వె.
కణపమొదలు మునుఁగఁ గట్టును గూళ్ళను
గూడబాతు మింటఁ గూడి వచ్చి
వాన కార్తికమున వచ్చు మా కెట్టుల
నీరు తగ్గినపుడె నిండెఁ జెఱువు?

వివరణ: సమస్యను ఇచ్చినవారు కృష్ణకు అవతలి రుతువును దృష్టిలో పెట్టుకొని ఇచ్చినట్టున్నారు. మాకు ఈశాన్య రుతుపవనాల వానే ప్రధానం. నేలపట్టు చెరువు నిండి, కణపచెట్ల మొదళ్ళు నీట మునిగినప్పుడే గూడబాతులు వాటి కొమ్మల మీద గూళ్ళు పెడతాయి. చుట్టూ నీరుంటే నేలమీది జంతువులు గూళ్ళ దాకా రావడం కష్టం. మా చెరువులో నీరు తగ్గితే అది నిండడం కాదు, ఖాళీ కావడమే.

సంచాలకుల సమీక్ష: సమస్యను ప్రశ్నగా మార్చి తిప్పికొట్టడం పూర్వం నుంచీ ఉన్న మార్గమే. చాలామంది ఆ మార్గాన్ని సమస్య లొంగనప్పుడు తప్పించుకోవడానికి వాడతారు. ఇక్కడ మాత్రం ప్రశ్న వెనుక ఒక ప్రాంతమంతా నిలబడి ఉంది. తెలుగునేల అంతటా శరత్తు ఒకే తీరున ఉంటుందన్న భ్రమతోనే మనం చాలా పద్యాలు రాస్తున్నాము. శరత్తు అనగానే నిర్మలమైన ఆకాశం, తేరిన నీరు, వెన్నెల అని కలం దానంతట అదే నడుస్తుంది. నెల్లూరు తీరంలో కార్తికం నల్లని మబ్బుల మాసం. ‘వాన కార్తికమున వచ్చు మా కెట్టుల’ అన్న పాదం ఎంత సూటిగా ఉందో అంత నిజం. వచ్చిన పూరణలలో నాకు అన్నిటికంటె నచ్చినది ఇదే.

సంగారెడ్డి సభ్యులు: ఒక సందేహాన్ని అడగవచ్చునా? నేలపట్టుకు చేరువలోనే పులికాట్ ఉప్పునీటి సరస్సు ఉన్నది కదా. అక్కడి రాజహంసలకు (ఫ్లెమింగోలకు) లోతు తక్కువ నీరే కావాలంటారు. మరి వాటి విషయంలో సమస్య పొసగదా?

సూళ్ళూరుపేట సభ్యురాలు: పొసగుతుంది. రాజహంస తలకిందులుగా ముక్కును నీటిలో ముంచి, బురదనీటిని వడగట్టి సూక్ష్మజీవులను తింటుంది, కనుక నిలబడేంత లోతే దానికి అనువు. వానలు ముగిసి ఉప్పుకయ్యలో నీరు పలచబడ్డాకనే అవి పెద్ద గుంపులుగా విస్తరిస్తాయి. అంటే, పక్కపక్కనే ఉన్న రెండు నీటిపట్టులలో ఒకటి మీ సమస్యను కాదంటుంది, రెండవది ఔనంటుంది. నేను గూడబాతు పక్షం వహించాను. రాజహంస పక్షాన మరొకరు పూరించవచ్చు.

నాలుగవ పూరణ (హిందూపురం సభ్యులు)

ఆ.వె.
వాన లేక యెండి బయలైన వేళను
జెఱువుఁ జూచి పిట్ట చేరదయ్యెఁ
గరుణఁ జూపి మబ్బు కరుగంగ రైతు కన్
నీరు తగ్గినపుడె నిండెఁ జెఱువు

సంచాలకుల సమీక్ష: ‘కన్’ అని పాదాన్ని ముగించి, సమస్యలోని మొదటి మాటను ‘కన్నీరు’గా మార్చిన నేర్పు అవధాన సభల పద్ధతిని గుర్తుచేస్తుంది. సంధులన్నీ శుద్ధంగా ఉన్నాయి. ‘చేరదయ్యెఁ / గరుణ’ అన్న చోట పాదాంత సంధి ఎలా చేయాలో కైకలూరు సభ్యులు గమనించగలరు. పద్యశిల్పంలో దీనికే మొదటి స్థానం.

నా కొరత ఒకటే. ఇలా విరిచినప్పుడు వైరుద్ధ్యం మాయమవుతుంది. వాన కురిసింది, చెరువు నిండింది, రైతు ఊరట పొందాడు. పక్షి రెండవ పాదంలో కనిపించి వెళ్ళిపోయింది. మీకు దగ్గరలోని వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి, ఊరివారు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. చుట్టుపక్కల చెరువులు ఎండిన ఏట ఆ కొంగలకు పిల్లలను సాకే ఎర దొరకదు. రైతుకూ కొంగకూ ఒకే వాన ఆధారమన్న ఆ ముడి మూడవ పాదంలో కాస్త తొంగిచూసి ఉంటే, మాటల విరుపుకు ప్రాణం వచ్చేది.

హిందూపురం సభ్యులు: అంగీకరిస్తున్నాను. విరుపు దొరికిన సంతోషంలో కొంగను మరచిన మాట నిజమే. ‘పిట్ట’ అన్న చోట ‘కొంగ’ అని మార్చినా గణభంగం లేదు, అంతవరకైనా సవరించుకుంటాను.

అయిదవ పూరణ (తొమ్మిదవ తరగతి విద్యార్థిని)

ఆ.వె.
గట్టుమీద జనులు దుర్భిణుల్ పట్టిరి
పల్లెపిల్ల లెల్లఁ బరవశించి
పిట్ట లొక్కదెసను బిడ్డ లొక్క దెసను
నీరు తగ్గినపుడె నిండెఁ జెఱువు

సంచాలకుల సమీక్ష: చిరంజీవీ, చెరువు పక్షులతోనే కాక చూసేవారితో కూడా నిండుతుందన్న ఊహ మరెవరికీ తట్టలేదు. మూడవ పాదం చాలా అందంగా వచ్చింది. మొదటి పాదంలో యతి తప్పింది. ‘గ’కూ ‘దు’కూ మైత్రి లేదు. దుర్భిణిని వదులుకోనక్కరలేకుండా ఇలా సవరించవచ్చు:

దూరమందు నిలిచి దుర్భిణుల్ పట్టిరి

ఇందులో దూ–దు యతి కుదిరింది. దానితో పాటు మన బృందం పాటించే మొదటి నియమం కూడా పద్యంలో చేరింది. వేల మైళ్ళు ఎగిరి వచ్చిన పిట్టకు బురదమీద గడిపే ప్రతి నిమిషం కరిగిపోయిన కొవ్వును తిరిగి కూడబెట్టుకొనే నిమిషం. ఫొటో కోసం నాలుగడుగులు ముందుకు వేసి దానిని లేపితే, ఆ కూడబెట్టిన బలమే ఖర్చవుతుంది. గట్టుమీద గుంపుగా నిలిస్తే ఆకాశం ముందు మన ఆకారాలు స్పష్టంగా కనిపించి పక్షి బెదురుతుంది, కనుక గట్టు దిగువన నిలబడడమే మేలు.

విద్యార్థిని: సవరణకు కృతజ్ఞతలండీ. గ్రీన్ శాండ్‌పైపర్‌నూ వుడ్ శాండ్‌పైపర్‌నూ దూరం నుంచి ఎలా వేరుచేయాలో ప్రసంగంలో చెప్పగలరా? కూర్చున్నప్పుడు రెండూ నాకు ఒకేలా కనిపిస్తున్నాయి.

సంచాలకులు: తప్పక చెబుతాము. ఇప్పటికి ఇది చాలు: ఎగిరినప్పుడు రెక్కల అడుగు నల్లగా ఉంటే గ్రీన్, లేతగా ఉంటే వుడ్. కూర్చున్నప్పుడు వుడ్‌కు కంటిపైన తెల్లని కనుబొమ గీత పొడవుగా కనిపిస్తుంది, కాళ్ళు పసుపు ఛాయలో ఉంటాయి. కూతలో తేడా ఇంకా స్పష్టం, దానిని వినిపించే చూపుతాము.

ఆ ప్రసంగం పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ జన్మదినమైన నవంబరు 12న సాయంత్రం జరుగుతుంది. పక్షుల కూతలే అందులో ప్రధాన విషయం కాబట్టి తరువాతి సమస్యను కూడా అందుకు తగినట్టే ఇస్తున్నాము. ఇది తేటగీతి పాదం, ‘క–కా’ యతి:

కనులు మూసినఁ బక్షులు కానవచ్చె

పూరణలు ప్రసంగానికి ముందే చేరితే, ఎంపికైన పద్యాలను ఆ సభలోనే చదివిస్తాము. పద్యంలో ఏ పక్షి కూతను వర్ణించినా దాని పేరూ, విన్న చోటూ, విన్న నెలా వివరణలో తప్పక రాయాలి. సూళ్ళూరుపేట సభ్యురాలు సూచించిన రాజహంస పక్షపు పూరణలను కూడా అప్పటివరకు స్వీకరిస్తాము.